ఆలు లేదు చూలు లేదు, సీసా పేరు సోమలింగం

మూడ్ బోర్డు మీద ఒంటె ఉంది.

బెంగళూరులో ఒక డిజైన్ స్టూడియో, పేరెందుకు లెండి. అనంతపురం చీనీ (బత్తాయి) రసాన్ని సీసాకెత్తి దేశమంతా తాగించాలని ఎవరో పెట్టుబడిదారుకు బుద్ధి పుట్టింది. ఆ సీసా ఎట్లుండాలో తొలి కాన్సెప్టులు గీసి చూపిస్తారట, నేను పక్కన కూర్చుని ‘లోకల్ ఫ్లేవర్’ కలపాలట. ఫ్లేవర్ కలపడానికి మనిషిని పిలుస్తున్నప్పుడే సీసాలో అది లేదని నాకు తట్టి ఉండాల్సింది. ఏసీ బస్సు చార్జీలు ఇస్తామన్నారు, తట్టలేదు.

తెర నిండా ఇసుక తిన్నెలు, ఎర్ర తలపాగా, దాని కింద ఒక మీసం, పగిలిన నేల, కుంకుతున్న పొద్దు, అన్నిటికీ నడిమధ్య ఒంటె. మా జిల్లాలో ఒంటెను చూడాలంటే సర్కసోళ్లు రావాలి.

“ఒంటె ఎందుకు నాయనా?” అన్నాను.

“జైసల్మేర్ తర్వాత దేశంలో వాన తక్కువ పడేది మీ జిల్లాలోనే కదా సార్!” అన్నాడు కుర్రాడు, పరీక్షలో చదివిన ప్రశ్నే వచ్చినంత సంబరంగా.

అదీ సంగతి. అనంతపురం మీద రాసే ఏ నివేదికైనా మొదటి పేరాలో జైసల్మేర్ పేరు ఎత్తనిదే ముందుకు కదలదు. పట్టికలో పక్క వరుసలో పేరుందని పక్కింటి పశువును మా దొడ్లోకి తోలుకొచ్చాడు పిల్లవాడు. తప్పు వాడిది కాదు. మాకు ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. జైసల్మేర్ వానకు ఇది రెండింతలకు పైనే. పోనీ ఆ ఒక్క జిల్లాయేనా అంటే బాడ్మేర్, బికనీర్ కూడా మాకంటే ఎండు గొంతులే. వాటిని పట్టికలోంచి ఎవరు లేపేశారో, ఎన్నేళ్లుగా లేపేస్తున్నారో దేవుడికెరుక. మా కరువు అబద్ధం కాదు. పడమటి కనుమలు నైరుతిని అడ్డుకుంటాయి, ఈశాన్యం సముద్రం నుంచి మా దాకా వచ్చేసరికి అలిసిపోయి రెండు చినుకులు రాల్చి చేతులు దులుపుకుంటుంది. శనక్కాయ ఊడలు దిగే వేళకు మబ్బు ముఖం చాటేస్తుంది. కానీ ఈ నిజం చెప్పడానికి నాలుగు వాక్యాలు కావాలి, ‘జైసల్మేర్ తర్వాత మేమే’ అంటే ఒక్క వాక్యంతో పోతుంది. కరువు మీద మా వాళ్లే అంటించుకున్న మొదటి లేబుల్ అది. నిధుల కోసం మేం అంటించుకున్నాం, బొమ్మ కోసం వాళ్లు ఒంటెను తోలుకొచ్చారు.

తప్పు పేజీ తెరిచి సీసా గీసినవాళ్లు లేకపోలేదు. 1915లో అమెరికాలో కోకాకోలా వాళ్లు సీసాలు చేసే కంపెనీలకు ఒక పందెం పెట్టారు. చీకట్లో తడిమినా, కింద పడి ముక్కలైనా ఇది మా సీసాయే అని తెలియాలి, అంతే షరతు. ఇండియానా రాష్ట్రంలో టెర్రె హోట్ అనే ఊళ్లో ఉన్న రూట్ గ్లాస్ కంపెనీ మనుషులు కోకా ఆకు, కోలా కాయ ఎట్లుంటాయో చూద్దామని గ్రంథాలయానికి పోయి, చాక్లెట్ చేసే కోకో కాయ బొమ్మ దగ్గర ఆగిపోయారట. ఆ కాయ గీతలే సీసా నడుముకు ఎక్కాయి. ఆ పానీయానికీ కోకో కాయకూ బాదరాయణ సంబంధం కూడా లేదు. అయినా సీసా లోకమంతా తిరిగింది. ఎందుకు తిరిగింది? పోయడానికి వాళ్ల దగ్గర ఏదో ఒకటి ఉండింది కాబట్టి. 1886 నుంచీ ఉండింది. పానీయం పుట్టిన ఇరవై తొమ్మిదేళ్లకు దానికి చొక్కా కుట్టించారు. మన దగ్గర చొక్కా కుట్టి, గుండీలు పెట్టి, ఇస్త్రీ చేసి, బిడ్డ ఎవరి కడుపున పుడతాడా అని వెతుకుతాం.

మూడు కాన్సెప్టులు చూపించారు.

మొదటి దాని పేరు ‘కరువు’. మట్టి రంగు సీసా, ఒళ్లంతా పగుళ్లు. “బొటనవేలికి ఆ పగుళ్లు తగలాలి సార్, అప్పుడే కథ చేతికి అందుతుంది,” అన్నారు. మా ఊళ్లో పగుళ్లు అరికాళ్లకు తగులుతాయి, కథ అక్కణ్ణుంచే మొదలవుతుంది. పావు లీటరు నూట ఇరవై రూపాయలు. కరువును లీటరు నాలుగొందల ఎనభైకి అమ్మొచ్చని తెలిసుంటే మా తాతలు దాన్ని ఊరికే అనుభవించి పోయేవాళ్లు కాదు.

రెండోది ‘పెన్న’. సీసా చుట్టూ నీలిరంగు అల ఒకటి గిరగిరా తిరుగుతుంది. ఇది చూసి నాకు నవ్వాగలేదు. మా దగ్గర పెన్నది ఇసుక రంగు. అది కూడా రాత్రిపూట లారీలెక్కి ఊరు దాటుతుంటుంది. నదిలో కదిలేది ఇసుక ఒక్కటే కాబట్టి, అల గీయాల్సిందే అంటే లారీ చక్రాలు గీయండని సలహా ఇచ్చాను. రాసుకున్నారు.

మూడోది ‘అమ్మమ్మ’. ఈ దేశంలో ఏ సీసా మీదైనా చివరికి అమ్మమ్మ రాక తప్పదు. ముడి చుట్టుకుని, ముక్కుపుడక పెట్టుకుని, చీనీ కాయ పిండుతూ కూర్చుంది. మా అమ్మమ్మ జన్మలో చీనీ కాయ పిండలేదు. ఆమె తాగింది మజ్జిగ, పొద్దున్నే రాగి అంబలి, ఎండాకాలం చుట్టాలొస్తే నన్నారి షర్బతు. చీనీ తోటలు పెద్ద ఎత్తున లేచింది బోర్లు దిగాకే. అమ్మమ్మల వారసత్వం కావాలంటే నన్నారి సీసా చేసుకోండి, సుగంధిపాల వేరు మరగబెడితే వాసన వీధి చివరిదాకా పోతుంది అన్నాను. “గోధుమ రంగు అరమారలో ఎలివేట్ కాదు సార్,” అన్నారు. వేరుకు రంగు లేదని వంక పెట్టిన మొదటి మనుషులు వీళ్లే అయ్యుంటారు.

అప్పుడడిగాను, ఇంతకీ రసం తీసేదెవరని.

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకోటి లేదు. తర్వాత ఒకమ్మాయి మెల్లగా, “అది ఫేజ్ టూ సార్,” అంది.

ఫేజ్ టూ అనే మాట వినగానే ఆ పిల్లల మీద నాకు ప్రేమ పుట్టింది. అది మా జిల్లా భాష. చీనీ రసం ఫ్యాక్టరీ మా దగ్గర ఎప్పుడూ ఫేజ్ టూ లోనే ఉంటుంది. పార్టీలు మారాయి, జెండాలు మారాయి, 2022 ఏప్రిల్‌లో జిల్లాయే రెండు ముక్కలైంది, ఫ్యాక్టరీ మాట మాత్రం చెక్కు చెదరలేదు. ఎన్నికలకూ ఎన్నికలకూ మధ్య దాన్ని జాగ్రత్తగా ఎక్కడో కోల్డ్ స్టోరేజీలో పెడతారేమో, బయటికి తీసిన ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. షెల్ఫ్ లైఫ్ అంటే అది!

మరి ఫ్యాక్టరీ ఎందుకు రాదు? వేదికల మీద ఎవరూ చెప్పని మాట ఒకటుంది. చీనీ రసం సీసాలో కూర్చోదు. కోపం కాయది. పండులో ఉన్నప్పుడు రుచీ పచీ తెలియని పదార్థం ఒకటి, రసం తీసిన కొన్ని గంటల్లో రసంలోని పులుపు వల్ల లిమోనిన్ అనే చేదుగా మారుతుంది. పిండిన నిమిషాన అమృతం, సాయంత్రానికి వేపాకు కషాయం. గింజ నలిగినా, తొక్క కింది తెల్లపొర గట్టిగా నొక్కినా చేదు ఇంకా పెరుగుతుంది. ఈ చేదును జిగురుపూసల వంటి రెసిన్లలోంచి వడపోసి తీసే విద్య లోకంలో ఉంది. దానికి యంత్రం కావాలి, యంత్రానికి డబ్బు కావాలి, కడగడానికి నీళ్లు కావాలి, ఏడాది పొడవునా ఒకే ధరకు కాయ కావాలి. ఇవన్నీ కుదిరాక కదా సీసాకు పగుళ్లుండాలా అలలుండాలా అని తగువు. మన స్టూడియో వాళ్లు 28 మిల్లీమీటర్ల మూతికి ఏ రంగు మూత పెడితే బాగుంటుందో రెండు గంటలు మాట్లాడారు. రసం చేదెక్కుతుంది నాయనా అని నేను చెబితే ఒక్క క్షణం ఆలోచించి, “బిట్టర్ నోట్స్! అది ప్రీమియం సార్!” అన్నారు. పొగడ్తా తిట్టా తెలియక ఊరుకున్నాను.

ఈ లిమోనిన్ సంగతి సప్తగిరి సర్కిల్లో బండి మీద చీనీ పిండే మనిషికి పుస్తకం చదవకుండానే తెలుసు. కాయ కోసి, పిండి, వడగట్టి, గాజు గ్లాసులో పోసి మన చేతికిస్తాడు. మనం ఫోన్ చూసుకుంటూ నిలబడితే గదమాయిస్తాడు: “తాగప్పా బిన్నా, సేదెక్కుతాది.” లేబుల్ మీద అచ్చేయాల్సిన హెచ్చరిక, ఎక్స్‌పైరీ తేదీ, వాడే విధానం మూడూ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. ప్యాకేజీ అయిదు నిమిషాల్లో కడుక్కుని మళ్లీ వాడతాడు. దీనికి లండన్‌లో అవార్డులిస్తారని విన్నాను, ఇక్కడ ట్రాఫిక్ పోలీసు బండి తీయమంటాడు.

కాన్సెప్టులో కాయ ఉంది, ఎండ ఉంది, ఒంటె ఉంది, రైతు లేడు. ఉన్నాడు లెండి, తలపాగాగా ఉన్నాడు. ఆ తలపాగా కింద తల ఒకటుంటుందని, ఆ తల కరువేళ్లలో ట్యాంకరు నీళ్లు కొని చెట్టు చెట్టుకూ బిందెలతో పోసిందని, అయినా ఎండిన తోటను నరికి కట్టెలకు అమ్మిందని బొమ్మలో పట్టలేదు. మిగిలిన కాయ మార్కెట్‌కు పోతే అక్కడ ‘సూట్’ అనే ఆచారం. టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారి ఊరికే మినహాయించుకుంటాడు. సూటు వేసుకున్నవాడు సీసా గీస్తాడు, సూటు ఇచ్చుకున్నవాడు కాయ పండిస్తాడు. తోటలో ఒక పెద్దాయనకు ఈ కాన్సెప్టుల సంగతి చెబితే ఆయన చాలా మర్యాదగా విన్నాడు. “మా కాయకు బొమ్మ ఏస్తాండారా? ఏయనీలేప్పా. తూకం కూడా ఆ బొమ్మలేసే పిల్లోల్లనే ఏయమను. వాళ్లకు లెక్క రాదు, మాకు బాగుంటాది.”

లేబుల్ అంటే బొమ్మే కదా, పోనిద్దూ అనుకునేవాళ్లకు ఇంకో కథ ఉంది, అది నవ్వే కథ కాదు. మా ఎండలకు పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే తల్లి మందుల అంగడికి పరిగెత్తి ఓఆర్ఎస్ ఇవ్వమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి, అందులో గ్లూకోజు 13.5 గ్రాములు. అంగడివాడు మొన్నటిదాకా చేతిలో పెట్టింది రంగురంగుల డబ్బా, దాని మీద అవే మూడక్షరాలు, లోపల మాత్రం చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాల బిడ్డకు అది విరుగుడు కాదు, ఇంకాస్త ఆజ్యం. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఈ మూడక్షరాల మీద దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ పోయారు. ఆహార ప్రమాణాల సంస్థ 2022 ఏప్రిల్‌లో ఆ అక్షరాలు వాడొద్దంది. జూలైలో మనసు మార్చుకుని, పేరులో ముందో వెనకో కలుపుకోండి, కాకపోతే ఇది ఓఆర్ఎస్ కాదని పక్కన ఒక వాక్యం రాయండి అంది.

ఆ రాజీలో ఉన్న డిజైన్ విద్యను చూడండి. ఓఆర్ఎస్ అనేది ఏనుగంత, ఓఆర్ఎస్ కాదనేది చీమ కాలంత. అంగట్లో నిలబడిన తల్లి ఏనుగును కొంటుంది, చీమ కోర్టులో సాక్ష్యం చెబుతుంది. బొమ్మలు గీసే బళ్లలో దీన్ని ‘హయరార్కీ’ అని నేర్పుతారట: ఏది ముందు కంటబడాలి, ఏది పడకూడదు. చివరికి 2025 అక్టోబర్ 14న ఆ వెసులుబాటును వెనక్కి తీసుకున్నారు. మూడక్షరాలు చెరపడానికి ఒక డాక్టరమ్మ ఎనిమిదేళ్లు. గీయడానికి ఎవరికో ఒక మధ్యాహ్నం పట్టి ఉంటుంది. అంతకు ముందు ఏడాది జూన్‌లో, గాఢరసంలో నీళ్లు కలిపి ‘నూటికి నూరు శాతం పండ్ల రసం’ అని వేసుకుంటున్నవాళ్లను కూడా ఆ మాట తీసేయమన్నారు. అమ్మిన డబ్బాలన్నీ తాగేశాం కాబట్టి మనకు ఆ నూరు శాతం తిరిగి రాదు.

స్టూడియోలో ఈ కథ చెబితే బుద్ధిగా విన్నారు. “మన సీసా మీద కూడా హీట్ రిలీఫ్ అని చిన్నగా వేద్దామా సార్?” అన్నారు.

పానీయాన్ని దేనిలో పోయాలన్న విద్య మాకు తెలియనిదేం కాదు. గొర్రెల కాపరి భుజానికి సొరకాయ బుర్ర ఉండేది. తేలిక, పగలదు, నీళ్లు వేడెక్కవు, పాతబడితే పెంటకుప్పలో కలిసిపోతుంది. ఇంట్లో మట్టి కూజా, ఒంటికి చెమట పట్టించుకుని మరీ నీళ్లు చల్లబెట్టే పాత్ర. ఆ తర్వాత గోలీ సోడా. 1872లో హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు పేటెంటు తీసుకున్న సీసా, వాడి దేశం దాన్ని మర్చిపోయింది, మా తిరునాళ్లలో మొన్నటిదాకా ‘కీచ్’ మంది. లోపలి గ్యాసే గోలీని పైకి నెట్టి మూత బిగిస్తుంది. పానీయమే తన మూత తాను వేసుకునే తెలివి మళ్లీ ఏ కాన్సెప్టులోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు మా పీఠభూమి మీద అందరి చేతా గుర్తింపు పొందిన ప్యాకేజీ ఒక్కటే, కర్ణాటక మద్యం టెట్రా ప్యాకెట్. తొంభై మిల్లీలీటర్లు. కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం రేకు కలిపి ఆరు పొరలు. స్వీడన్‌లో రూబెన్ రౌసింగ్ పాలు ప్యాకెట్లలో పోయాలని మొదలుపెట్టిన కంపెనీ 1951 నాటిది. ఆ విద్య తిరిగి తిరిగి మడకశిర, రాయదుర్గం సరిహద్దుల్లో పంచె మడతలోకి, స్కూటర్ సీటు కిందికి, గడ్డివాములోకి చేరింది. మోగదు, పగలదు, నలిగినా కారదు, చెక్‌పోస్టు దగ్గర సోదా పెట్టినా కిక్కురుమనదు. కోకాకోలా వాళ్ల షరతు చీకట్లో తడిమితే తెలియాలని కదా? రాత్రి పదకొండింటికి కరెంటు పోయినప్పుడు మా ఊళ్లో ఎవరి చేతిలో పెట్టినా చెప్తారు, ఇదేందో. యూజర్ రీసెర్చ్ కావాలంటే అక్కడికి పొండి అన్నాను. వాళ్లు నిజంగానే వచ్చేట్టు కనబడితే మాట మార్చేశాను.

నీళ్ల సంగతి కూడా రెండు ముక్కలు. మా జిల్లా నీళ్లకు గొప్ప ముద్రణ ఒక్కసారే జరిగింది. సత్యసాయిబాబా 1990ల మధ్యలో ఏడొందలకు పైగా పల్లెలకు తాగునీటి గొట్టాలు వేయిస్తే, 1999లో తపాలా శాఖ దాని మీద బిళ్ల వేసింది. ఆ నీళ్లకు సీసా లేదు, మూత లేదు, ధర లేదు. కుళాయి తిప్పితే వచ్చేవాటికి బ్రాండ్ ఎందుకు? బ్రాండ్ కావాల్సింది రాని నీళ్లకు. అందుకే ఇప్పుడు ప్రతి సందులో నీళ్ల ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాను. బోరు వందలకొద్దీ అడుగులు దిగి ఫ్లోరైడు నీళ్లు పైకి తోడితే, వడపోతలో సగం కాలువపాలు, మిగిలిన సగం క్యానులోకి. క్యాను మీద లేబుల్ చూడబోతే పాత లేబుల్ చింపిన జిగురు మరక ఉంటుంది. నిజాయితీ గల లేబుల్ అదొక్కటే, దాని మీద మంచుకొండ లేదు.

స్టూడియో వాళ్లు మంచివాళ్లు. నెల తర్వాత ఒక నమూనా సీసా కొరియర్‌లో పంపించారు. అన్ని కాన్సెప్టులూ కలిపేశారు: పగుళ్లున్నాయి, పగుళ్ల మీద నీలిరంగు అల, అల ఒడ్డున అమ్మమ్మ, అమ్మమ్మ వెనకాల ఒంటె. లారీ చక్రం కూడా ఉందని మా ఇంటావిడ కళ్లద్దాలు పెట్టుకుని కనిపెట్టింది. అడుగున చీమకాలు అక్షరాల్లో ‘నమూనా మాత్రమే, ఆహార పదార్థాలు పోయరాదు’ అని రాసుంది. సీసాను అటూ ఇటూ ఊపి, “లోపలేం లేదే?” అంది. ఫేజ్ టూ అన్నాను.

ఇంట్లో ఎక్కడ పెట్టినా అడ్డంగానే ఉంది. సప్తగిరి సర్కిల్ బండి అతనికిచ్చాను. కాసేపు తిప్పి చూసి, “జంతువు బాగుందప్పా” అని గాజు గ్లాసుల పక్కన నిలబెట్టాడు. వారం తర్వాత పోతే ముఖం చిట్లించుకుని ఉన్నాడు.

“ఏందప్పా నువ్వు తెచ్చిచ్చిందీ? వచ్చినోడల్లా ఆ ఒంటె జూసు ఎంత అంటాండాడు. అది ఉత్త సీసా, చీనీ తాగు నాయనా అంటే ఇనరు. నిన్న ఒకాయప్ప అలిగి పాయ.”

ఎంతమంది అడిగారంటే, వేళ్లు మడిచి పదకొండు అన్నాడు. తమాషాకు ఆ సంగతి స్టూడియోకు రాసి పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది, చప్పట్ల బొమ్మలతో. మార్కెట్ స్పందన అద్భుతమట, ఒంటెను ఇంకొంచెం పెద్దది చేస్తున్నారట, అమ్మమ్మను తీసేస్తున్నారట, ఫేజ్ టూ గురించి తొందర లేదట.